మాన్పించబోయిన కాఫీ

అరబ్బీలో 'ఖహ్వా' అన్న మాట కాఫీకంటె పాతది. ప్రాచీన కవులు దానిని మద్యానికి పేరుగా వాడారు. ఒక వస్తువుమీద కోరిక సన్నగిల్లడమన్న భావం ఆ ధాతువులో ఉన్నదని నిఘంటుకారులు అంటారు. మద్యం అన్నంమీద కోరికను తగ్గిస్తుంది, కాఫీ నిద్రమీద కోరికను తగ్గిస్తుంది; అందుచేత పాత పేరే కొత్త పానీయానికి అతికింది. కోరికను తగ్గించేదని పేరు పొందిన ఈ వస్తువే తగ్గని కోరికగా మారింది. జనంచేత దాన్ని మాన్పించడానికి పండితులు, పాలకులు నూరేళ్లకు పైబడి పాటుపడ్డారు.

ఈ అలవాటు మొదలయింది విలాసం కోసం కాదు. క్రీ.శ. పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా ఉండేందుకు దీనిని తాగేవారు. అదన్ పండితుడు ముహమ్మద్ జబ్హానీ (మరణం హి.శ. 875, క్రీ.శ. 1470-71) దీనికి ప్రచారం తెచ్చారని అబ్దుల్ ఖాదిర్ జజీరీ తన గ్రంథంలో పేర్కొన్నారు. కాఫీ ధర్మసమ్మతమని నిరూపించడానికి జజీరీ 1558 ప్రాంతంలో ఆ గ్రంథం రచించారు. కైరోలోని అల్-అజ్హర్‌లో యెమెన్ విద్యార్థుల వసతి భాగంలో సోమవారం, శుక్రవారం రాత్రులు ఎర్రమట్టి పాత్రలో కాఫీ ఉంచేవారు. పెద్దాయన చిన్న గిన్నెతో తోడి కుడివైపునుండి వరుసగా అందిస్తూ ఉండగా కలిమా పఠించేవారట. చిక్కమగళూరు కొండలకు బాబా బుదన్ యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చారన్న జనశ్రుతి మన దక్షిణాదిలో తెలియనివారు అరుదు. అక్కడకూడా కాఫీ ఒక ఫకీరు వెంటనే వచ్చింది.

చిక్కు వచ్చింది మక్కాలో. క్రీ.శ. 1511 (హి.శ. 917)లో ఒక రాత్రి మమ్లూక్ ప్రభుత్వ ముహ్తసిబ్ ఖాయిర్ బేగ్ పవిత్ర మస్జిదు దగ్గర కొందరు దీపాలు పెట్టుకొని ఏదో తాగుతూ ఉండడం చూశాడు. ఆయనను చూసి వారు దీపాలార్పేశారు. అనుమానం బలపడింది. మరునాడు ఆయన పండితులను సమావేశపరచి కాఫీని వారి ముందుంచాడు. ఇద్దరు వైద్య సోదరులు అది దేహానికి హాని చేస్తుందని సాక్ష్యం చెప్పారు. అది మద్యంవలెనే మనిషిని మారుస్తుందని సభలో ఒకడు అన్నాడు. మద్యం రుచి ఎరిగినవాడే ఆ పోలిక చెప్పగలడు కదా! తన నేరం తానే ఒప్పుకున్నాడని వాడికి మద్యపానానికి విధించే కొరడా దెబ్బలు పడ్డాయి. సాక్ష్యాల విలువ ఏపాటిదో ఈ ఒక్క సంఘటన చాలు. అయినా కాఫీ నిషేధింపబడింది. వీధుల్లో గింజలు కాల్చారు, అమ్మినవారిని కొట్టారు.

కైరోనుండి సుల్తాన్ ఖాన్సూహ్ గౌరీ పంపిన ఉత్తరువు మరోలా ఉన్నది. మద్యపాన గోష్ఠులను పోలిన పద్ధతిలో తాగితే జమ్ జమ్ నీరుకూడా తగదని చెప్పి, అలాటి కూటాలను ఆపమన్నది. కాఫీని మాత్రం స్వతహాగా హరాం అనలేదు. మరుసటి సంవత్సరం ఖాయిర్ బేగ్ పదవి పోయింది. ఆయన స్థానంలో వచ్చిన అధికారి స్వయంగా కాఫీ తాగేవాడు.

నిజానికి ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి వస్తువును గురించి, ఇంకొకటి దాని చుట్టూ చేరే మనుషులను గురించి. వస్తువులు మూలతః ధర్మసమ్మతాలే, నిషేధానికే ఆధారం కావాలి అన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ సూత్రం. ఆధారం దొరకనివారు మత్తు ఉందన్నారు. మత్తు కనబడకపోతే హాని ఉందన్నారు. కైరోలో 1530ల దశాబ్దంలో ఒక ఉపన్యాసకుని మాటలకు రెచ్చిన గుంపు కాఫీ అంగళ్లమీద పడి వాటిని ధ్వంసం చేసింది. అప్పుడు హనఫీ న్యాయమూర్తి ఇబ్న్ ఇల్యాస్ తన ఇంట కాఫీ కాయించి, కొందరికి తాగించి, చాలాసేపు వారితో సంభాషిస్తూ కూర్చున్నారు. ఎవరి తెలివీ తప్పలేదు. దానితో ఆయన అది సమ్మతమేనని తీర్పిచ్చారు. మక్కా సభకంటె ఈ గదిలోనే విచారణ అనదగినది జరిగిందనాలి.

ఇస్తాంబుల్‌లో నాలుగో మురాద్ సుల్తాన్ 1633లో ఘోర అగ్నిప్రమాదం తర్వాత కాఫీ అంగళ్లు మూయించాడు, పొగాకు నిషేధించాడు. అక్కడ భయపెట్టినది పానీయం కాదు, అంగడిలో రాజ్యవ్యవహారాలు మాట్లాడే నోళ్లు. కాతిబ్ చలబీ 1656లో 'మీజానుల్ హఖ్' రాసేనాటికి రాజధానిలో ఆ అంగళ్లు ఇంకా మూతపడే ఉన్నాయి. ఇతర ప్రాంతాల్లో తెరచే ఉన్నాయి. జనంలో వేళ్లూనిన ఆచారాన్ని బలవంతాన మాన్పించబూనడం వ్యర్థమని ఆయన అభిప్రాయం. అందరూ తాగవచ్చుననికూడా ఆయన అనలేదు. నాటి యూనానీ లెక్కప్రకారం పొడి స్వభావం గలవారికి, ముఖ్యంగా విషాద ప్రకృతి గలవారికి ఎక్కువ కాఫీ సరిపడదనీ, తాగితే చక్కెరతో తాగాలనీ చెప్పారు. ఒకనికి సమ్మతమైన వస్తువు తన దేహానికి హాని చేస్తుందని తెలిసిన మరొకనికి తగనిది కావచ్చునన్న ఫుఖహాల మాటకు ఇది దగ్గరగానే ఉంది.

కెఫీన్‌ను జర్మనీలో రుంగే వేరుచేసింది 1819లో. రోజూ తాగేవారు చటుక్కున మానితే సాధారణంగా పన్నెండు మొదలు ఇరవైనాలుగు గంటలలో తలనొప్పి మొదలవుతుందనీ, ఆ బాధలు రెండు మొదలు తొమ్మిది రోజులు ఉండవచ్చుననీ వైద్యులు నిర్ధారించారు. రమజాను తొలి ఉపవాసాలలో అసరు వేళకు తల పట్టుకు కూర్చునేవారి బాధకు తరచు కారణం ఇదే. షాబాన్ నెలలోనే రోజుకింత చొప్పున తగ్గించుకుంటూ వస్తే ఆ బాధ చాలావరకు ఉండదు. ఇందుకు ముహ్తసిబ్ అక్కరలేదు, సుల్తాన్ ఉత్తరువూ అక్కరలేదు.

కాతిబ్ చలబీ 1657 అక్టోబరులో హఠాత్తుగా చనిపోయారు. అప్పుడు ఆయన చేతిలో కాఫీ గిన్నె ఉన్నదని చెబుతారు.