ప్లేటు మీద లేని పేర్లు

జెబెల్ అలీలో మా ఇంట నెలకొక శనివారం సాయంత్రం పది పన్నెండు కుటుంబాలు కూడుతుంటాయి. నియమం చిన్నది. ఇంటికొక రికార్డో క్యాసెట్టో తేవాలి. తెచ్చినవారు అది ఎందుకు గొప్పదో అయిదు నిమిషాలు చెప్పాలి. తక్కినవారు ఒప్పుకోకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాలి. కాఫీలు పూర్తయ్యేసరికి సగం గది ఘంటసాల పక్షం, సగం గది సాలూరి రాజేశ్వరరావు పక్షం అయి కూర్చుంటుంది.

ఆ మధ్య ఒకసారి 'మాయాబజార్' సినిమాలోని వెన్నెల పడవ పాట మీద తగువు వచ్చింది. ఆ వరుస ఎవరిది? అరగంట గడిచినా తేలలేదు. పదమూడేళ్ల మా మేనకోడలు ఫోను తీసి, "సంగీతం ఘంటసాల" అని చదివి, "తేలిపోయింది కదా మామయ్యా, ఇంకా ఎందుకు పోట్లాట?" అంది. ఆ పిల్లకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆలస్యంగానైనా ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాం.

ప్లేటు మీద రాసిన పేరు ఎంతవరకు నమ్మదగినది అనే ప్రశ్న రికార్డుల పుట్టుకతోనే ఉంది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ ప్లేట్లు అచ్చయ్యేది ఎక్కడో జర్మనీలోని హానోవర్ పట్టణంలో. అక్కడి పనివాళ్లకు ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి గదా! అందుకనే అంటారు, ఆమె పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. కాగితం మీద పేరు పోయినా గాడిలో మిగిలి ఉంటుందని కాబోలు. మా దృష్టిలో గౌహర్ జాన్ చాలా ముందుచూపు గల మనిషి.

తరువాతి వాళ్లకు ఆ అవకాశం లేదు. 1949లో వచ్చిన హిందీ సినిమా 'మహల్' రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని వేశారు. కామిని ఆ సినిమాలో కథానాయిక పాత్ర పేరు. ఆ గొంతు ఎవరిదని శ్రోతలు రేడియోకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, అప్పుడు లతా మంగేష్కర్ అనే పేరు బయటికి వచ్చింది. వినేవాళ్లు ఊరుకోకపోవడం వల్లనే పాడినామెకు పేరు దక్కింది. ఇది మనం గుర్తుంచుకోదగిన సంగతి.

ఇక మన తెలుగు ఇళ్ల సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట పడుతుంది. నడుమ ఉండే కాగితం బిళ్ల అరచేతి పాటిది. దాని మీద కంపెనీ బొమ్మ, నంబరు, పాట పేరు, గాయకుని పేరు వేసేసరికి చోటు అయిపోతుంది. పద్యం రాసిన కవీ, వరుస కట్టిన మనిషీ, వీణ వాయించిన చేయీ చాలాసార్లు ఆ బిళ్ల అంచు దాటి బయటే నిలబడిపోయారు. వీధికొక గ్రామఫోను ఉన్న రోజుల్లో అరుగు మీద కూర్చుని విన్నవాళ్లకు ఆ బిళ్ల కూడా కనబడదు. చెవిన పడినదే సర్వస్వం.

అందుచేతనే 'పుష్పవిలాపం' అనగానే ఘంటసాల గొంతు గుర్తుకు వస్తుంది. ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ, అనగా జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, రెండో ఆలోచనగా వస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సభల్లో పాడే తెలుగుతల్లి గీతం కథ ఇంకా బాధాకరం. టంగుటూరి సూర్యకుమారి గారు పాడి రికార్డుగా ఇచ్చిన ఆ పాట ఇంటింటికీ చేరింది. ఆమె లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు. మనలాగే దూరదేశంలో బతికిన తెలుగువారు గనుక ఆమె మీద మనకు మరింత మమకారం. కాని ఆ గీతం రాసిన శంకరంబాడి సుందరాచారి గారి పేరు, పాట తెలిసిన పదిమందిలో ఎందరు చెప్పగలరు? మా సభలో అడిగి చూశాం. ఇద్దరు చెప్పారు. ఆయన 1977లో పోయారు. పాట ఇంకా నిలిచే ఉంది.

'మాయాబజార్' తగువు కూడా ఈ కోవలోదే. 1957లో విడుదలైన ఆ సినిమాకు మొదట రాజేశ్వరరావు గారు పనిచేశారు. నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకున్నారు. వెన్నెల పడవ పాట ఆ నాలుగింటిలో ఒకటి. తక్కిన పాటలకు వరుసలు కట్టి, మొత్తానికి వాద్యాలు కూర్చి నడిపించినది ఘంటసాల గారు. పేరు ఆయనది పడింది. కాబట్టి ఫోను చెప్పింది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. తక్కిన సగం నిజాన్ని ఇన్నేళ్లు మోసుకొచ్చినది ఎవరనుకున్నారు? "అది రాజేశ్వరరావు బాణీయే, నా చెవి కోసిస్తాను" అని పంతం పట్టిన శ్రోతలు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టు తెచ్చింది. జెబెల్ అలీ రేవు 1979లో తెరిచారు. ఆ రేవు కట్టిన కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్ల సామానులో ప్లేట్లకు చోటు లేదు, క్యాసెట్టుకు ఉంది. జేబులో పడుతుంది, పగలదు, ఒకరి దగ్గర ఉంటే పదిమంది ఎక్కించుకోవచ్చు. 1992లో ఈ దేశంలో కాపీ హక్కుల చట్టం వచ్చేదాకా ఎక్కించి అమ్మడం బాహాటంగానే సాగింది. కాపీకి కాపీ తీసిన కొద్దీ టేపులో చీదర శబ్దం పెరుగుతుంది. పేర్లు మాత్రం తరుగుతాయి. మొదటి టేపు మీద సినిమా పేరు ఉండేది, రెండోదాని మీద 'పాత పాటలు' అని, మూడోదాని మీద ఏమీ ఉండదు.

ఆ టేపుకు ఇంకొక ఉపయోగం ఉండేది. ఫోను మాట్లాడటం ఖరీదైన రోజుల్లో, ఉత్తరం రాయడం రానివాళ్లు టేపులోనే మాట్లాడి, వచ్చేపోయే మనిషి చేతికిచ్చి పంపేవారు. ఇంటినుంచి జవాబు అదే టేపు రెండో వైపు మీద వచ్చేది.

పోయిన నెల సభలో ఒక మిత్రుడు ఘంటసాల భగవద్గీత రికార్డును మించినది తెలుగులో లేదని వాదించాడు. ఏడువందల శ్లోకాల్లో నూరుకు పైగా ఎంచి తాత్పర్యంతో పాడిన ఆ రికార్డు 1974 నాటిది. ఆ ఏడు ఫిబ్రవరి 11న ఆయన యాభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు. వెంటనే ఇంకొకరు అడ్డం వచ్చారు. "గొప్పదే గాని ఇంట్లో పెట్టకండి. మనవైపు అది చావింట వినిపించేది." ఈ మాట కొట్టిపారేయదగినది కాదు. ఊరినుంచి ఫోను వచ్చినప్పుడు మాట కంటే ముందు వెనకాల ఆ గొంతు వినబడి, ఎవరో పోయారని గ్రహించిన ప్రవాసులు మాలో నలుగురైనా ఉన్నాం. వైద్యులం గనుక మరణవార్తలు మాకు కొత్త కాదు. అయినా ఆ నాలుగు క్షణాలు ఎలా ఉంటాయో మాకు తెలుసు.

వాదం పెరిగింది. ఒక మంచి పుస్తకాన్ని శవం పక్కన మాత్రమే చదువుతామా అని ఒకరు, ఆచారం చెవికి కూడా ఉంటుందని ఒకరు. చివరికి పెట్టాలనే పక్షమే గెలిచింది. టేపు ఎవరిదంటే, మా వీధిలో కొడుకు దగ్గర ఉంటున్న పిన్నిగారిది. బాబాయిగారు రేవు కట్టేనాటి మనిషి, నిరుడు పోయారు. ఆయన క్యాసెట్ల పెట్టె ఆవిడ మా సభకే ఇచ్చేశారు.

ఒక వైపు అయిపోయింది. తిప్పి పెట్టాం. తరువాతి శ్లోకం రావాలి. రాలేదు. ఒక ముసలామె మాట వినబడింది. డబ్బు అందిందనీ, పాకలో గేదె ఈనిందనీ, ఎండలో తిరగవద్దనీ. గదిలో ఎవరికీ ఆ గొంతు తెలియదు. సినిమా గొంతులన్నీ ఇట్టే పట్టేసే మేమంతా నోరు మూసుకున్నాం. పిన్నిగారు మెల్లిగా, "మా అత్తగారు బాబూ" అన్నారు. "ఎనభై ఒకటిలో పంపింది. ఆ ఏడే పోయింది."

ఆ టేపు ఎలా బతికిందో తరువాత అర్థమైంది. క్యాసెట్టు వెనక రెండు చెవులుంటాయి, విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. ఈ టేపుకు చెవులు విరవలేదు. అయినా గీత టేపు గనుక శుభమా అని ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద ఇంకొకటి ఎక్కించలేదు. భయం కాపాడిన గొంతును వాదం బయటికి తీసింది. ఆ సాయంత్రం మేము మర్యాదగా ఏకీభవించి ఊరుకుని ఉంటే, ఆ గొంతు ఎవరిదో చెప్పగల ఒక్క మనిషీ ఎదురుగా ఉండగానే అది అనామకంగా పెట్టెలో ఉండిపోయేది.

ఆ సాయంత్రమే రెండు చెవులూ విరిచేశాం. పిన్నిగారు బిళ్ల మీద అత్తగారి పేరు, ఊరు, సంవత్సరం తమ చేత్తోనే రాశారు. ఫోనులోకి కాపీ తీసి కొడుకుకు ఇచ్చాం.

అమ్మాయీ, ఇదీ నీ ప్రశ్నకు మా జవాబు. చదువరులు తమ ఇళ్లలోని పెట్టెలు ఓసారి తెరిచి చూడవలసిందని మనవి. పేరు లేని టేపు దొరికితే, దాన్ని గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే తిప్పి రెండో వైపు కూడా వినండి. కలం దగ్గర ఉంచుకోండి.