చిన్నారుల్లో మాట ఆలస్యమా? - తొలి మూడేళ్లే కీలకం

బిడ్డ తొలి పలుకు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూడడం సహజం. ఆ పలుకు ఆలస్యమైతే 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి' అని పెద్దలు సర్దిచెప్పడమూ పరిపాటే. ఈ నిరీక్షణలోనే విలువైన కాలం గడిచిపోతుంది. మెదడు భాషను అతి వేగంగా గ్రహించేది తొలి మూడేళ్లలోనే కనుక, లోపాన్ని ఎంత త్వరగా గుర్తిస్తే శిక్షణ అంత ఫలవంతమవుతుంది.

గమనించవలసిన దశలు

సాధారణంగా 6 నెలల శిశువు శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతుంది. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే స్పందిస్తుంది, చేయి వూపి టాటా చెబుతుంది, ఒకటి రెండు మాటలు పలుకుతుంది. రెండేళ్లకు దాదాపు 50 మాటలు వస్తాయి. 'అమ్మా రా', 'పాలు కావాలి' అని రెండేసి మాటలు కలుపుతుంది. 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు మాటలు కలపలేకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ముందుగా వినికిడి పరీక్ష

మాటకు మూలం వినికిడి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకు సైతం మాటల్లోని సన్నని ధ్వనులు వినపడకపోవచ్చు. నవజాత శిశువులకు కూడా నొప్పి లేకుండా చేయగల ఓ.ఎ.ఇ., బెరా పరీక్షలతో ఈ విషయం తేలుతుంది. మాటలు రావాలని నాలుకకు వస రాయడం మన ఇళ్లలో పాత ఆచారం. అది వినికిడి లోపాన్ని సరిచేయజాలదు. ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి కారణాలనూ నిపుణులే నిర్ధారించాలి.

ఇంటి వద్ద శిక్షణ

స్నానం, భోజనం, ఆట - ఇవే బిడ్డకు పాఠాలు. బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చుని, తాను చూస్తున్న వస్తువు గురించే చిన్న చిన్న మాటల్లో చెప్పాలి. బిడ్డ 'పా' అంటే తల్లి 'పాలు. పాలు కావాలా?' అని పూరించాలి. అడిగిన వెంటనే అందించకుండా 'అరటిపండా? బిస్కెట్టా?' అని అడిగి, కొన్ని క్షణాలు ఆగి, బదులిచ్చే అవకాశమివ్వాలి. సైగ చేసినా, వేలితో చూపినా అదీ సమాధానమే; సైగలు మాటను అడ్డుకోవు. 'చెప్పు, చెప్పు' అని బలవంతపెట్టడం, ఇతర పిల్లలతో పోల్చడం తగదు. ఇంట్లో రెండు భాషలు వాడడం మాట ఆలస్యానికి కారణం కాదు కనుక మాతృభాషను మానుకోనవసరం లేదు.

అన్నం తినిపించేందుకు సెల్ ఫోన్ చేతికివ్వడం నేడు సర్వసాధారణమైంది. రెండేళ్ల లోపు పిల్లలు తెరకు దూరంగా వుండడం మేలు. రెండేళ్లు నిండినవారికి సైతం రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

అందుబాటులో సేవలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్ వాడీ కేంద్రాలను, ప్రభుత్వ పాఠశాలలను సందర్శించి, 18 ఏళ్ల లోపు పిల్లల్లో వినికిడి, భాషా లోపాలను సైతం పరీక్షిస్తాయి. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతాయి. సికింద్రాబాద్ లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థకు చెందిన ప్రాంతీయ కేంద్రం వున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాక్, భాషా వైకల్యాన్ని గుర్తించింది.

బిడ్డ మాటపై సందేహం కలిగిన తల్లిదండ్రులు అంగన్ వాడీ లేదా ఆశా కార్యకర్తను కలిసి, ఆలస్యం చేయక ఈ సేవలను సద్వినియోగం చేసుకోవాలి.