తొలి సంతకము

నిరంకుశ ప్రభుత్వము ఒక్క దినమున మీదపడునది కాదు. అది మొదట నొక చట్టముగా, పిదప నొక ప్రమాణపత్రముగా, ఆపైని ఒక సభ్యత్వపు కాగితముగా మన గుమ్మము త్రొక్కును. ఆజ్ఞ యిచ్చువా డొక్కడే; దానిని నడపు గుమాస్తాలు, న్యాయాధిపతులు, ఉపాధ్యాయులు లక్షలమంది. వారు చేతులు ముడుచుకొనినచో ఆ యాజ్ఞ వట్టి కాగితమే. ఈ సంగతిని యూరపు చరిత్రమందలి రెండు ఘట్టములు తేటపఱచుచున్నవని మా తలంపు.

మొదటిది జర్మనీలోనిది. 1933 జనవరి 30వ తేదీన హిట్లరు ఛాన్సలరుగా నియమింపబడెను. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనము తగులబడగా, మఱునాడే పత్రికా స్వాతంత్ర్యమును సభా స్వాతంత్ర్యమును రద్దయ్యెను. మార్చి 23న పార్లమెంటు శాసనములు చేయు నధికారమును తానే మంత్రివర్గమున కప్పగించెను. కమ్యూనిస్టు సభ్యులు చెరలోనో అజ్ఞాతమందో యుండిరి. కాదని వోటు చేసినవారు 94గురు సోషల్ డెమోక్రాట్లు మాత్రమే. 1934 ఆగస్టులో సైనికులును ఉద్యోగులును రాజ్యాంగమునకు గాక హిట్లరునకే విధేయులమని ప్రమాణము చేయవలసివచ్చెను. మిక్కిలి కొలదిమంది దక్క అందఱును చేసిరి. వారెల్లరు దుర్మార్గులు కారు. జీతము పోవునని కొందఱు, తామొక్కరు మానిన నేమగునని కొందఱు తలలొగ్గిరి.

రెండవది అదే నాజీల పాదముక్రింద నలిగిన నార్వేలోనిది. 1940 ఏప్రిల్ 9న జర్మనులు ఆ చిన్న దేశముపై దండెత్తిరి. 1942 ఫిబ్రవరిలో వారి ప్రాపున ప్రధానియైన క్విస్లింగు, ఉపాధ్యాయులెల్లరు క్రొత్త సంఘమున చేరవలెననియు, పది మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గల బాలబాలికలు తన పక్షపు యువజన సేవలో ప్రవేశింపవలెననియు శాసించెను. ఆ దేశమున ఉపాధ్యాయులు సుమారు 12,000 మంది. వారిలో 8,000 మందికి పైగా, ఇది మా మనస్సాక్షికి విరుద్ధమను నర్థము వచ్చునట్లు, ఒకే మాటలతో, ఎవరికి వారు సంతకము చేసి జాబులు పంపిరి. వంటచెఱకు లేదను నెపమున ప్రభుత్వము బడులు మూసెను. ఉపాధ్యాయులు ఇండ్లలో పాఠములు చెప్పిరి. తలిదండ్రులనుండి ఇంచుమించు రెండు లక్షల నిరసన లేఖలు వెళ్లెను. మార్చిలో సుమారు వేయిమంది ఉపాధ్యాయులను చెరపట్టిరి. వందలకొలదిమందిని ఉత్తరపు కొనయందలి కిర్కెనెసు రేవునకు పంపి, ఓడల సరకు దించు కూలిపనిలో పెట్టిరి. వెనుక మిగిలిన కుటుంబములకు రహస్యముగా ధనసహాయ మందుచుండెను. నవంబరునాటికి వారిని విడువక తప్పలేదు. ఆ సంఘము కాగితముపైననే మిగిలెను.

నార్వేను శత్రువు విడిచినది 1945 మే నెలలో గదా, ఈ జాబులవలన నేమి జరిగెనని కొంద ఱడుగవచ్చును. నిజమే, జాబులు సైన్యమును వెడలగొట్టలేదు. కాని పిల్లల మనస్సులను శత్రువునకు దక్కనీయలేదు. పైగా, నార్వేలో పీడకుడు పరదేశీయుడు. అతనిని గుర్తించుట సులభము. స్వదేశీయుడు చట్టమును ధరించి వచ్చినపుడే గుర్తించుట కష్టము. నేడు పలుదేశములలో పాలకులు ఎన్నికలు మానకయే, న్యాయస్థానములను పత్రికలను లోబఱచుకొనుచున్నారు. కావున మెలకువ మఱింత కావలెను.

నార్వే ఉపాధ్యాయులు నేర్పిన పాఠములు మూడు. తొలి కాగితమునే కాదనవలెను. పదవదాని వఱకు ఆగినచో చేయి అలవాటు పడును. ఒంటరిగా గాక కలసి కాదనవలెను. కాదనినవాని యింటి పొయ్యి ఆఱకుండ మిగిలినవారు చూడవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును నిలువవు. ఆకలికి వెఱచువాడు ఎంత మంచివాడైనను సంతకము చేయును.

ఇంకొక్క మాట. ప్రశ్నించుట ఇంటనే అలవడవలెను. పెద్దలమాటకు కారణ మడుగుటయే తప్పని నేర్చిన బాలుడు, భార్య యభిప్రాయమును వినని గృహస్థుడు, రేపు సభలో నిలిచి కాదనగలరా? స్వేచ్ఛను కోరువారు తమ గడపలోపల దానికి చోటీయవలెను.