‘చాలా’కు రెండు ఇంగ్లీషు మాటలు: ఉద్దానం నుంచి ఒక పరిశీలన

ఇంగ్లీషులో ‘బిగ్’ పోలికలో ‘బిగ్గర్’ అవుతుంది. తెలుగులో ‘పెద్ద’ మారదు. దేనితో పోలుస్తామో దానికి ‘కంటె’ చేరుతుంది. ‘గురుతర’ వంటి తత్సమాలు గ్రంథభాషవి. వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తెలుగు పక్కన వినబడే ఒడియాలోనూ పోలిక భారాన్ని ‘ఠారు’ మోస్తుంది. కనుక రెండు భాషలూ ఎరిగిన ఉద్దానపు విద్యార్థికి సైతం ‘బిగ్గర్’ కొత్త రూపమే.

అసలు చిక్కు ఆ పోలికకు బలం చేకూర్చడంలో ఉంది. ‘ఈ జీడితోట చాలా పెద్దది’, ‘ఆ తోటకంటె ఇది చాలా పెద్దది’ అన్న వాక్యాలు రెండింటా ‘చాలా’ ఒక్కటే. ఇంగ్లీషు మొదటి చోట ‘వెరీ’ని, రెండవ చోట ‘మచ్’ లేదా ‘ఫార్’ను కోరుతుంది. ‘వెరీ బిగ్గర్’ అన్న విద్యార్థి తెలుగు నియమాన్ని తు.చ. తప్పక పాటించినవాడే. ‘మోర్ బిగ్గర్’ కథ వేరు. అటువంటి జంట రూపాలు షేక్‌స్పియర్ నాటకాలలోనే ఉన్నాయి. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో వాటిని తప్పుపట్టాడు. దైవాన్ని ఉద్దేశించిన ‘మోస్ట్ హైయెస్ట్’ను మాత్రం సమర్థించాడు!

క్యాంప్‌బెల్ (1816), బ్రౌన్ (1840), ఆర్డెన్ (1873) తెలుగు వ్యాకరణాలను ఇంగ్లీషులో రచించారు. ఆ పాఠకుడు రెండు మాటలను ఒకటిగా కలుపుకొంటే చాలు. తెలుగు విద్యార్థి ఒకదానిని రెండుగా చీల్చుకోవాలి. టెక్కలికి చేరువలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలోనే, పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ అనువాదం లేని ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహించాడు. ‘చాలా అంటే వెరీ’ అని వల్లెవేయించే బోధనకు అది నేరుగా ఎదురు నిలిచింది. గిడుగు ఆ దృష్టిని తెలుగు బోధనవైపే మళ్లించాడు.