కాలి బొటనవేలు పక్కకు ఒరిగిందా? ఆపరేషన్ ఎప్పుడు అవసరమంటే..

హైహీల్స్‌తో గంటల తరబడి రిహార్సల్స్ చేసే ఫిల్మ్‌నగర్ డ్యాన్సర్లకే కాదు, రోజంతా బిగుతు బూట్లు వేసుకునే ఎవరికైనా ఈ సమస్య రావచ్చు. బొటనవేలి మొదట్లో ఉబ్బి, చెప్పు ఒరుసుకుంటే నొప్పి పుడుతుంది. దీన్నే వైద్యులు ‘బనియన్’ అంటారు.

అది గడ్డేనా?
కాదు. బొటనవేలు రెండో వేలి మీదికి ఒరుగుతుంది. దాని వెనకున్న పొడవాటి ఎముక అవతలి పాదం వైపు జరుగుతుంది. దాంతో మధ్యలోని కీలు పొడుచుకొస్తుంది. మడమ లేపి అడుగేసేటప్పుడు బరువు మోసే ముఖ్యమైన కీలు ఇదే. ఇది పట్టు తప్పితే భారం పక్క వేళ్లపై పడి ఆనెకాయలు వస్తాయి. వంశపారంపర్యంగానూ రావచ్చు.

ముందు ఏం చేయాలి?
ముందు భాగం వెడల్పుగా, మడమ ఎత్తు తక్కువగా ఉన్న చెప్పులు వాడండి. ప్యాడ్లు నొప్పి తగ్గిస్తాయి గానీ ఎముకను సరిచేయవు.

ఆపరేషన్ ఎలా?
వేలు ఒరిగిన కోణం మామూలుగా 15 డిగ్రీల లోపే ఉంటుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో అది ఎంత పెరిగిందో చూసి పద్ధతి నిర్ణయిస్తారు. సాధారణంగా ఎముకను కోసి, సరైన వరుసలోకి జరిపి, స్క్రూలతో బిగిస్తారు. సుమారు 6 వారాలు ప్రత్యేక చెప్పు వేసుకోవాలి. వాపు పోవడానికి నెలలు పడుతుంది. కీలు బిగుసుకోవచ్చు, వేలు మళ్లీ ఒరగొచ్చు. అందుకే నొప్పి నడకను అడ్డుకుంటేనే చేయించుకోండి, అందం కోసం వద్దు.

ఎక్కడికి వెళ్లాలి?
జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, తర్వాతి స్టేషన్ పంజాగుట్ట. అక్కడి నిమ్స్‌లో ఆర్థోపెడిక్ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. షుగర్ ఉన్నవాళ్లు పుండు పడేదాకా ఆగొద్దు.