పూడికమట్టికి మొక్కల పరీక్ష

చెరువుల మాట విడిచి పెనుకొండ సీమ చరిత్రను చెప్పుట సాధ్యము కాదు. హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు, హెన్నెనదిని, అనగా మన పెన్నను, పెనుకొండ పట్టణమునకు తెమ్మని జలసూత్రమునందు ఆరితేరిన సింగయభట్టును ఆజ్ఞాపించెననియు, ఆయన కాలువ త్రవ్వి సిరువెర చెరువునకు నీరు చేర్చెననియు 1388 నాటి శాసనము తెలుపుచున్నది. అంతకు ముందే, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము చెరువునకు గల ఆరు దోషములను లెక్కించినది. వానిలో చౌటినేల యొకటి. నీరు నిలుపుటకు ముందు నేలను పరీక్షింపవలెనని మన పెద్దలు ఎరుగుదురన్నమాట.

వేసవిలో చెరువెండినపుడు అడుగున పేరుకొన్న ఒండ్రును రైతులు బండ్లకెత్తి చేలకు తోలుకొనుట ఈ సీమలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. చెరువు లోతగును, చేను బలపడును. కాని నేడు ధర్మవరమున పట్టునకు రంగులద్దుచున్నారు. హిందూపురమున కర్మాగారములు వెలసినవి. శుద్ధిచేయని మురుగు ఏ చెరువున చేరినను ఈ ఆచారమే ప్రమాదకరము కాగలదు. సీసము, క్రోమియము, కాడ్మియము వంటి లోహములు ఎరువువలె కుళ్ళిపోవునవి కావు, ఒండ్రులోనే నిలిచిపోవును. 1562లో నిర్మితమైన హైదరాబాదు హుస్సేన్‌సాగరు దశాబ్దముల తరబడి మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును మ్రింగి ఎట్లైనదో మనమెరుగుదుము.

అట్టి మట్టిలో మొక్క బ్రతుకునా? పరీక్ష కష్టమైనది కాదు. ఒక తొట్టిలో మంచి చేనిమట్టిని, రెండవదానిలో పూడికను, మూడవదానిలో రెండును కలిపి నింపి, అన్నిటను ఒకే రకపు గింజలు చల్లవలెను. ఎన్ని మొలచినవి, వేరు ఎంత సాగినది అని సరిపోల్చిన చాలును. అయితే పచ్చదనమును చూచి మోసపోరాదు. ఏపుగా పెరిగిన మొక్కయే ఆకులలో విషమును దాచుకొనవచ్చును.

ఇటలీ దేశమున సెసాల్పీనో అను పండితుడు 1583లోనే, ఇతర మొక్కలు సరిగా బ్రతుకని ఒకవిధపు రాతినేలలో పెరుగు మొక్కనొకదానిని వర్ణించెను. అది మన ఆవమొక్కకు దాయాది. దాని ఆకులలో నికెలు లోహము అసాధారణముగా నిండియున్నదని 1948లో గాని తేలలేదు. ఈ గుణమునే నేడు నేలను శుద్ధిచేయుటకు వాడజూచుచున్నారు. ఆవమొక్క కాడ్మియము వంటి లోహములను ఆకులకెక్కించును. వట్టివేరు చాలవరకు వేళ్లలోనే పట్టి యుంచి, మట్టి కొట్టుకొనిపోకుండ కాపాడును. కాని ఇది ఒక్క కారులో ముగియు పని కాదు, ఏండ్లు పట్టును. కోసిన పైరును పశువులకు వేయరాదు, కూరకు వాడరాదు, వేరుగా తొలగింపవలెను.

కావున అనుమానము గల చెరువునుండి ఒండ్రును తోలుటకు ముందు తొట్టిలో మొలకను, ప్రయోగశాలలో మట్టిని, ఆకును పరీక్షింపజేయుదము. చేనికి బలమిచ్చిన పాత ఆచారము నిలువవలెనన్న ఈ కొత్త జాగ్రత్త తప్పదు.