కర్తయా, ద్రష్టయా? – మంగళంపల్లివారి రాగాలపై ఒక వేదపాఠి విచారణ



పల్నాటి సీమలో, నాగార్జునసాగరానికి సుమారు 11 కిలోమీటర్ల దూరాన ఎత్తిపోతల ఉన్నది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అనే మూడు ప్రవాహాలు ఇక్కడ ఏకమై, సుమారు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దూకి, మరి కొంత దూరం సాగి కృష్ణవేణిలో లీనమౌతాయి. యతులు తపమాచరించిన తలము గనుక ‘యతి తపోతలము’ అనీ, అదే జనవ్యవహారంలో ఎత్తిపోతల అయినదనీ ఇచ్చటి పెద్దల మాట. ఈ లోయలో స్వామి సన్నిధిని అర్చకత్వం నెరపుతూ, ఒకరిద్దరు వటువులకు కృష్ణయజుర్వేదం చెప్పుకుంటూ కాలం గడుపుతున్న నాకు ఆ జలపాతఘోషయే నిత్యశ్రుతి.

గత వర్షర్తువులో, నా వద్ద సంత చెప్పుకుంటున్న పదమూడేండ్ల వటువు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి హేతువు. వానికి దైవదత్తమైన గళమున్నది. ఒకనాటి ప్రాతఃకాలాన అనువాకం వల్లిస్తూ, చివరి పదాన్ని రాగచ్ఛాయతో సాగదీశాడు. నేను కఠినంగా మందలించాను. వాడు తలవంచి సరిదిద్దుకున్నాడు గాని, ఆ సాయంత్రం నేను బాలమురళీకృష్ణగారి కీర్తన వింటూ కన్నులు మూసుకొని ఉండగా, మెల్లగా వచ్చి అడిగాడు: “గురువుగారూ, మేము ఒక్క స్వరం మార్చితే కోప్పడతారు. ఆయన ఏకంగా రాగాలే కొత్తవి పుట్టించారంటారు. ఆయనకు మాత్రం చేతులెత్తి మొక్కుతారు. ఎందుకండీ?”

నాకు తక్షణం ఉత్తరం దొరకలేదు. “పోయి సంధ్య వార్చుకో” అని పంపివేశాను. అటుపిమ్మట వాడు తప్పు పలుకలేదు. అయితే పాడటం కూడా మానివేశాడు. కోనేటి గట్టున, పూలు కోసే వేళ, నిద్రకు ముందు ఎప్పుడూ ఏదో ఒక కీర్తన కూనిరాగం తీసే పిల్లవాడు మూగవోయాడు. ఆ మౌనం నన్ను బాధించింది. ఎందుచేతనంటే, ఆ వయస్సులో నేనూ అట్లే మూగవోయినవాడిని.

ఎనిమిదవ ఏట ఉపనయనమైన పిదప నన్ను వేదపాఠశాలలో చేర్చారు. ప్రహరీకి ఆవల ఒక ఇంటి అరుగుమీద రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రపు ‘భక్తిరంజని’ ప్రతిదినం ఉదయాన ఆ అరుగునుండి మా పాఠశాలలోనికి ప్రవహించేది. ఆ కార్యక్రమానికి రూపమిచ్చిన ప్రముఖులలో బాలమురళి ఒకరని నాకప్పుడు తెలియదు. ఆయన పేరే తెలియదు. తెలిసినదల్లా ఆ గళం. రామదాసుని ‘పలుకే బంగారమాయెనా’ కీర్తన ఆనందభైరవిలో మంద్రస్థాయికి దిగుతున్నప్పుడు, లోతైన నూతిలోనికి చేద దిగుతున్నట్లుండేది. తిరిగి పైకి వచ్చినప్పుడు నీరు తొణికేది కాదు. సాహిత్యంలోని ఒక్క అక్షరమూ చెదరేది కాదు. పదాన్ని ఎక్కడ విరువరాదో ఎరిగిన గాయకుడాయన. అందుచేతనే చదువురాని కృషీవలుని మొదలు మా అధ్యాపకుల వరకు అందరికీ ఆ కీర్తనలు అర్థసహితంగా అందేవి.

ఒకనాడు ఆ గానప్రభావం నా వల్లెలోనికి చొరబడింది. గురువుగారు వల్లె ఆపించి, “వేదానికి రాగం పూయకు నాయనా. రాగం నీది, వేదం నీది కాదు” అన్నారు. నేను భయపడి రేడియో వినిపించే గోడ వైపు కూర్చోవడం మానివేశాను. పాట పాపమనుకున్నాను. ఎన్నో సంవత్సరాల తరువాత, గృహస్థునై ఇక్కడికి వచ్చిన పిమ్మట, ఒక భక్తుడు ఇచ్చిన క్యాసెట్ల రూపంలో ఆ గళం మరల నన్ను చేరింది. ఆయనను ప్రత్యక్షంగా దర్శించే భాగ్యం నాకు కలుగలేదు. నా శ్రవణమంతా యంత్రముఖంగానే.

వటువు ప్రశ్నకు సమాధానం వెదకే నిమిత్తం ముందుగా ఆ మహనీయుని పరంపరను పరిశీలించాను.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించారు. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతోపాధ్యాయులు, వేణువిద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు, వాగ్గేయకారులైన ప్రయాగ రంగదాసుగారి పుత్రిక. తల్లి శైశవంలోనే గతించింది. తొలుత పెట్టిన పేరు మురళీకృష్ణ. బాల్యంలోనే కచేరీ చేసిన ప్రజ్ఞకు ముగ్ధుడై ఒక హరికథా విద్వాంసుడు ‘బాల’ శబ్దాన్ని ముందు చేర్చాడు. ఎనభైయారేండ్లు నిండి, 2016 నవంబరు 22న చెన్నపురిలో దేహం చాలించేవరకు ఆ బాలశబ్దం ఆయనను వీడలేదు.

గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. ఆయన సాక్షాత్తు త్యాగరాజస్వామికి శిష్యుడు. అంటే, కావేరీతీరపు నాదోపాసన ముఖతః ముఖతః కృష్ణాతీరాన్ని చేరడానికి నడుమ మువ్వురే ఉన్నారు. మా వేదాధ్యయనం వలెనే ఇదియూ గురుముఖ విద్య. పుస్తకం ఉండవచ్చు గాని, పుస్తకం గురువు కాజాలదు.

ఆ నియమంలో పెరిగిన బాలుడు కౌమారంలోనే 72 మేళకర్తలనూ సాధించి, ప్రతి మేళంలోనూ కృతి రచించాడు. అవి ‘జనకరాగ మంజరి’ పేరిట 1952లో గ్రంథరూపం దాల్చాయి. వివాది స్వరాలున్న మేళాలను పాడడానికి పెద్దలే సంకోచించే రోజులవి. అనంతర కాలంలో ఆయన లవంగి, మహతి, సుముఖం వంటి నాలుగు స్వరాల రాగాలను, సర్వశ్రీ, ఓంకారి, గణపతి వంటి మూడు స్వరాల రాగాలను లోకం ముందుంచారు. 1978లో మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’, 1991లో భారతప్రభుత్వం ‘పద్మవిభూషణ్’, 2005లో ఫ్రాన్సు ప్రభుత్వం ‘షెవాలియే’ బిరుదం ఇచ్చి గౌరవించాయి. బిరుదాల మాట అటుంచి, మన విచారణ ఆ రాగాల గురించి.

వాటిపై తీవ్రమైన వాదం చెలరేగింది. వీణావిద్వాంసులు ఎస్. బాలచందర్‌గారు, నూతన రాగాలను సృష్టించానన్న ప్రతిపాదనను బహిరంగంగా ఖండించారు. ఆయన అల్పుడు కాడు, వీణపై అసాధారణాధికారం కలవాడు. ఐదు స్వరాలకు తక్కువైనది రాగమౌతుందా? మేళంలో నుండి కొన్ని స్వరాలు తీసివేసినంత మాత్రాన దానిని సృష్టి అనవచ్చునా? ఈ ప్రశ్నలు అసూయతో పుట్టినవని కొట్టివేయడం న్యాయం కాదు. సంప్రదాయాన్ని ప్రేమించే వారెవరికైనా కలుగదగినవే. నా శిష్యుని ప్రశ్నలోనూ ఉన్నది ఇదే.

మొదటిదానికి శాస్త్రమేమంటున్నదో చూద్దాం. నారదీయ శిక్ష స్వరసంఖ్యను బట్టి గానాన్ని విభజిస్తుంది. ఋక్కులలోనిది ఏకస్వరం, అది ఆర్చికం. గాథలలోనిది ద్విస్వరం, అది గాథికం. సామంలోనిది త్రిస్వరం, అది సామికం. నాలుగు స్వరాలది స్వరాంతరం. ఆ పిమ్మటివి ఔడువం, షాడవం, సంపూర్ణం. మేము నిత్యం పలికే ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు మూడే గదా! అల్పస్వరత్వం నాదానికి లోపం కాదని శ్రుతియే మనకు చూపుతున్నది.

మతంగముని ‘బృహద్దేశి’లో మరొక విశేషమున్నది. నాలుగు స్వరాలు, అంతకు తక్కువ గలది మార్గసంగీతం కాదని ఆయన నిర్ణయం. ప్రతిపక్షానికి ఇది బలమైన ప్రమాణమే. అయితే ఆ వాక్యం అక్కడితో ఆగదు. అట్టి గానం శబర, పులింద, కిరాతాదులయందు, వనప్రదేశాలయందు ప్రయోగంలో ఉన్నదని చెబుతూ, ఆ పట్టికలో ‘ఆంధ్ర’ శబ్దాన్ని కూడా చేర్చారు! ఇది చదివి నేను చాలాసేపు ఊరకుండిపోయాను. మా ఎత్తిపోతల చుట్టూ నల్లమల సానువులున్నవి, చెంచులున్నారు, లంబాడీ తండాలున్నవి. స్వామి ఉత్సవానికి వచ్చే తండా స్త్రీ చెట్టుకు కట్టిన జోలెలో బిడ్డనూపుతూ పాడే పాట రెండు మూడు స్వరాల నడుమనే తిరుగడం నేను స్వయంగా విన్నాను. కారెంపూడి వీరుల ఉత్సవంలో వీరవిద్యావంతులు పాడే గాథలూ విన్నాను. ఒకవైపు సామం, మరొకవైపు అడవిపాట. ఈ రెండు కొసలలోనూ ఉన్న అల్పస్వర గానానికి నడుమనున్న కచేరీ వేదికమీద మాత్రం చోటు లేకపోయినది. ఒక ఆంధ్రుడు దానికి ఆ పీఠం వేశాడు. మతంగుని వాక్యాన్ని ఆయన ఉల్లంఘించాడని అనేవారు అనవచ్చు. ఆ వాక్యపు ఉత్తరార్ధాన్ని సార్థకం చేశాడని నేనంటాను.

ఇక రెండవ ప్రశ్న, సృష్టి గురించి. ఒక్కొక్క మేళంలో షడ్జాన్ని నిలిపి తక్కిన ఆరింటినుండి స్వరాలను ఎన్నుకుంటే, ఔడువాలు 15, షాడవాలు 6, సంపూర్ణం 1, వెరసి 22 క్రమాలు వస్తాయి. ఆరోహణ అవరోహణలను కలిపి లెక్కిస్తే 484. ప్రసిద్ధమైన ఈ గణనం ఐదు స్వరాల వద్ద ఆగిపోతుంది. అదే పద్ధతిని క్రిందికి సాగిస్తే నాలుగు స్వరాలవి 20, మూడు స్వరాలవి 15 వస్తాయి. అనగా ఈ క్రమాలన్నీ ప్రస్తారంలో ఎల్లప్పుడూ ఉన్నవే. వాటిని ఎవరూ పుట్టించలేదు, పుట్టించలేరు. ఇంతవరకు బాలచందర్‌గారి పక్షం సత్యమే.

అయితే ప్రస్తారంలో ఉండటం వేరు, రాగమై శ్రోత హృదయంలో వెలగటం వేరు. మంత్రం నిత్యమని మన సిద్ధాంతం. అయినా ప్రతి మంత్రానికీ ఋషిని స్మరించి నమస్కరిస్తాము. ఆయన మంత్రకర్త కాడు, మంత్రద్రష్ట. ఉన్నదానిని చూచినవాడు. వేదానికీ గానానికీ సామ్యం చెప్పేటంతటి సాహసం నాకు లేదు. దృష్టాంతంగా మాత్రమే అంటున్నాను. లవంగిలో ‘ఓంకారాకారిణి’ కృతిని వినండి. నాలుగే స్వరాలు. దారిద్ర్యమన్న భావన ఎక్కడా కలుగదు. ఆ నాలుగింటి నడుమ ఉన్న శూన్యాలు కూడా పాడుతున్నట్లుంటాయి. లెక్కలో ఉన్నది సర్వులకూ సమానమే, చూచినవాడొక్కడు. త్యాగరాజస్వామి విషయంలోనూ ఇంతే. కొన్ని రాగాలకు ఆయన కృతులే తొలి లక్ష్యాలు, లక్షణం తరువాత వచ్చినది. ఆ శిష్యపరంపరలోని వాడు కొత్త రాగాన్ని చూడటం సంప్రదాయభంగం కాదు, సంప్రదాయమే.

మరి వటువును ఎందుకు మందలించాను? త్వష్ట చేసిన యాగకథ మనకు తెలిసినదే. ‘ఇంద్రశత్రు’ అన్న పదంలో ఉదాత్తం స్థానం తప్పగా, ఇంద్రుని వధించువాడు కావలసిన వృత్రుడు ఇంద్రునిచే వధింపబడువాడయ్యాడు. వేదంలో స్వరం అర్థానికి ఆధారం. తైత్తిరీయంలోని శీక్షావల్లి వర్ణ, స్వర, మాత్రా, బల, సామ, సంతానాలను శిక్షగా విధించినది అందుకే. అపౌరుషేయమైన వాక్కును మోసేవానికి స్వేచ్ఛ లేదు. గానంలో స్వరం భావానికి ఆధారం. అక్కడ మనోధర్మమే ధర్మం. ఆ స్వేచ్ఛ కూడా ఊరక లభించేది కాదు. 72 మేళాల అరణ్యాన్ని పాదచారియై దాటినవానికి లభించే ఫలమది. బాలమురళి నియమాన్ని కాదని స్వేచ్ఛను పొందలేదు. నియమపు అంచువరకు నడిచి పొందారు.

ఈ ఆలోచన కుదిరిన రాత్రి మా గురువుగారి మాట మరల స్మరణకు వచ్చింది. “రాగం నీది, వేదం నీది కాదు.” నలభై ఏండ్లకు పైగా నేను రెండవ సగాన్ని మాత్రమే మోశాను. మొదటి సగం విన్నాను గాని గ్రహించలేదు. వారు రాగాన్ని నిషేధించలేదు, నాకు దానం చేశారు. భయంతో నేనే దానిని అరుగుమీద వదిలివచ్చాను. అదే భయాన్ని నా శిష్యునికి వారసత్వంగా ఇచ్చాను.

మరునాడు వానిని పిలిచి, ఆ వాక్యాన్ని పూర్తిగా చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, “అయితే సంత అయిన తరువాత పాడుకోవచ్చునా అండీ?” అన్నాడు. “పాడుకో. నాకూ వినిపించు” అన్నాను.

ఇప్పుడు ప్రాతఃకాలాన ఆ గళం మూడు స్వరాలలో నిశ్చలంగా అనువాకం చెబుతున్నది. ఒక్క మాత్ర జరుగదు. సాయంకాలం దీపారాధన అయిన పిదప అదే గళం జలపాతపు శ్రుతిలో రామదాసు కీర్తన అందుకుంటుంది. మంద్రంలో ఇంకా నిలకడ రాలేదు. దానికి చాలా ఏండ్లు పడుతుంది. నేను మాత్రం ఈసారి గోడ వైపే కూర్చుని వింటున్నాను.

స్వస్తి.